స్తోత్రమన్న వ్యాకరణం

నిజామాబాద్‌లో ఏ గల్లీకి పోయినా ఒక స్తోత్రమన్న తగులుతాడు. బాప్తిస్మంలో పెట్టిన పేరు వేరే ఉంటుంది గానీ అది ఆధార్ కార్డుకే పరిమితం. ‘బాగున్నవా అన్నా?’ అనడమే ఆలస్యం, ‘దేవునికి స్తోత్రం!’ అని వస్తుంది. అది జవాబో, ప్రసంగానికి మొదలో తేల్చుకోలేక అడిగినవాడు అర నిమిషం నిలబడతాడు. ఆ అర నిమిషమే వాడి కొంప ముంచుతుంది. బోధన్ బస్సు దొరికితే స్తోత్రం. తప్పిపోతే తర్వాతి బస్సులో కిటికీ సీటు దొరకబోతున్నందుకు ముందస్తు స్తోత్రం. రక్తపరీక్షలో షుగరు 240 వస్తే 300 రానందుకు స్తోత్రం, ఆపైన ‘బోధన్ శక్కర్‌నగర్‌ల చక్కెర ఫ్యాక్టరీ బందైనా నా ఒంట్ల క్రషింగ్ నడుస్తనే ఉన్నది’ అని తన మీద తానే ఒక విసురు. ఇక భోజనం ముందు ప్రార్థన. అంకాపూర్ నాటుకోడి కూర ముందు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే కోడిని సృష్టించినందుకు, పెంచిన రైతు కోసం, వండిన చెల్లెమ్మ చేతుల కోసం, పక్కింటి పిల్ల పరీక్షల కోసం, దేశాన్ని ఏలేవాళ్ల కోసం, వరసగా అందరి వంతూ వస్తుంది. ‘ఆమెన్’ దగ్గరికి చేరేసరికి పులుసు మీద నూనె తెట్టు కట్టి ఉంటుంది. ఎవరికి ఏ ముక్క అన్నది పిల్లలు ఒంటికన్నుతో చూసి, సైగలతో పంచేసుకుని ఉంటారు.

ఈ మనిషిని చూసి నవ్వడం తేలిక. నవ్వవలసిందే, కాదనను. కాకపోతే జనం నవ్వే చోటు ఒకటి, నవ్వవలసిన చోటు మరొకటి. లోకం తెలియని అమాయకుడని నవ్వుతారు. లోకం తెలియకుండా ఈ జిల్లాలో బతకడం సాధ్యమా? 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. కాలువ నీళ్లు, చెరుకు చూసి కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులొచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో తాళమే పడింది. చెరుకు వేసినవాళ్లు చాలామంది వరికి మళ్లారు. పసుపు రైతు కథా అంతే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నియోజకవర్గంలో 185 మంది పోటీలో నిలబడితే, వాళ్లలో అత్యధికులు గిట్టుబాటు ధర రాక, పసుపు బోర్డు కోసం నామినేషన్లు వేసిన రైతులే. ఇంత ఫిర్యాదు పండే నేల మీద నిలబడి ఒకడు రోజూ పొద్దున్నే ధన్యవాదం చెబుతున్నాడంటే, వాడికి వార్తలు అందక కాదు. అందిన వార్తలతో ఏం చేయాలన్న దగ్గర వాడి దారి వేరు.

ఆ ధన్యవాదమే మత్తుమందు కదా అని చదువుకున్నవాళ్లు అడ్డు తగులుతారు. స్తోత్రం అలవాటైనవాడు ధర్నాకు రాడని వాళ్ల భయం. ఈ అనుమానం గట్టిదే, దాటవేయకూడదు. కానీ స్తోత్రమన్న చంకలోని బైబిలు తెరిస్తే లెక్క తిరగబడుతుంది. అందులో ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు విలాపాలే. ఇంకెన్నాళ్లు, ఎందుకు మరిచిపోయావు, మా పొరుగువాళ్లు నవ్వుతున్నారు అని దేవుణ్నే నిలదీసేవి. 88వ కీర్తనైతే చీకట్లో నడిచి చీకట్లోనే ఆగిపోతుంది, ఓదార్పు మాట ఒక్కటీ లేదు. చేతిలో ఉన్నది ధన్యవాద పుస్తకమే కాదు, అర్జీల కట్ట కూడా. అందుకే శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ‘ఫ్యాక్టరీ తెరిపించు ప్రభువా’ అన్నవాడు సోమవారం కలెక్టరేట్‌లో కాగితం పట్టుకుని వరసలో నిలబడడానికి ఏ అడ్డూ లేదు. రెండూ అర్జీలే, ఆఫీసులే వేరు. ఒక ఆఫీసులో రశీదు ఇస్తారు, అంతే తేడా.

ఉత్త ఊతపదం అన్నది రెండో ఆక్షేపణ. నిజమే, ఊతపదమే. బోధన్‌లో ఛాయ్ హోటలు బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దాయన ‘అల్లా కా షుక్ర్ హై’ అంటాడు, ఎదుటాయన ‘అంతా ఆంజనేయుని దయ’ అంటాడు. ముగ్గురివీ నోటికి పట్టిన మాటలే. అయితే ఊత అంటే ఆసరా. కాలు బాగున్నప్పుడు ఊతకర్ర అలంకారంలా కనిపిస్తుంది, బెణికిన రోజున దాని సంగతి తెలుస్తుంది. బీడీలు చుట్టే స్తోత్రమక్కను చూడండి. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన పొగాకు, వేలికి దారం. ఆకు చుట్టడం, మొన మడవడం, దారం కట్టడం, కళ్లు చూడకపోయినా చేతులు చేసుకుపోతుంటాయి. ఆమె కూలి వెయ్యికింత లెక్క, పనికిరావని పక్కకు తీసేసినవి పోను. ఆమె స్తోత్రం కూడా అదే లెక్కలో నడుస్తుంది: ఈ పూట ఆకు తడి సరిగ్గా ఉన్నందుకు, నడుము ఇంకా పట్టెయ్యనందుకు, కరెంటు పోనందుకు. టోకున ‘అన్నిటికీ స్తోత్రం’ అనేది ఆదివారం మైకు మాట. విడివిడిగా చెప్పేది చాట ముందు మాట. చర్చిలో జరిగే కోత పండుగలోనూ అంతే. తెచ్చేది ఫలానా సొరకాయ, ఫలానా కోడిపుంజు. (ఆ సొరకాయను వేలంలో పాడినవాడు తిరిగి చర్చికే ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం. ఒకే సొరకాయ మూడు ధరలు పలకడం పసుపు మార్కెట్టు కూడా చూసి నేర్చుకోవలసిన సంగతి.) ఎమన్స్, మెకల్లో అనే అమెరికా మానసిక శాస్త్రవేత్తలు 2003లో అచ్చువేసిన ప్రయోగం ఇలాంటిదే: తమకు జరిగిన మేళ్లను పేరు పేరునా రాసుకున్నవాళ్లు, చిరాకులు రాసుకున్నవాళ్ల కన్నా తమ బతుకు మెరుగ్గా ఉందని చెప్పారు. మరి పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది కదా, దేవుడెందుకు అంటారా? స్తోత్రమన్న దృష్టిలో అది చిరునామా లేని ఉత్తరం. రాసినవాడికి చేతివ్రాత బాగుపడుతుందేమో గానీ, అందుకునేవాడుంటేనే కదా అది ఉత్తరమయ్యేది.

నవ్వవలసిన చోటు ఇప్పుడు వస్తుంది. అది వ్యాకరణంలో ఉంది. స్తోత్రం ఉత్తమ పురుషలోనే చెల్లుతుంది. ‘నా కాలు విరిగింది, చెయ్యి మిగిలింది, స్తోత్రం’ అంటే అది విశ్వాసం. ‘నీ కాలే కదా విరిగింది, స్తోత్రం చెప్పుకో తమ్ముడా’ అంటే మంచంలో ఉన్నవాడు మిగిలిన కాలితో తన్నాలనుకోవడంలో తప్పులేదు. మన స్తోత్రమన్న తరచూ జారేది ఈ మధ్యమ పురుషలోకే. అపొస్తలుడు పౌలు కూడా ఆనందించమని ఇతరులకు ఆజ్ఞాపించాడు కదా అని గుర్తుచేస్తాడు. ఆజ్ఞాపించాడు, కానీ ఫిలిప్పీ సంఘానికి ఆ ఉత్తరం రాసింది సంకెళ్లలో ఉండి. ఏడుస్తున్నవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లతో పాటు ఏడవాలని రోమా సంఘానికి చెప్పిందీ ఆయనే. బైబిల్లో కష్టాలపాలైన యోబును చూడవచ్చిన స్నేహితుల సంగతి మరీ స్పష్టం. వచ్చిన మొదట ఏడు రోజులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచి ఉపదేశం మొదలుపెట్టారు, చివరికి దేవుని చేతనే చీవాట్లు తిన్నారు. ఉపదేశానికి ముందు సాయం చేసినవాళ్లూ ఉన్నారు: ఈ జిల్లాలోనే డిచ్‌పల్లిలో, స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915లో కుష్ఠు ఆసుపత్రి నిలబెట్టింది. రోగికి ముందు మంచం, మందు అందాయి. స్తోత్రం చెప్పాలో వద్దో ఆ మంచం మీది మనిషి ఇష్టం.

ఈ వ్యాకరణం తెలిసిన స్తోత్రమన్నలూ ఉన్నారు, తక్కువ మందే అయినా. గల్ఫ్ నుంచి శవపెట్టె వచ్చిన ఇంటి ముందు వాళ్లను గుర్తుపట్టవచ్చు. షామియానా కట్టించడం, కుర్చీలు దింపించడం, మంచినీళ్ల క్యాను మోసుకురావడం అన్నీ చేస్తారు, ఆ ఒక్క మాట మాత్రం నోట రానివ్వరు. పెదవులు బిగపట్టుకుని ఓ మూల కూర్చుంటారు. అంతటి నిగ్రహం వాళ్లకు ఉపవాస దినాన కూడా ఉండదు. సరిగ్గా అప్పుడే వాళ్లలో ఒకడి చొక్కా జేబులోని ఫోను డప్పు, కీబోర్డు మోతతో స్తుతిపాట అందుకుంటుంది. ఆపబోయి స్పీకరు నొక్కుతాడు, అవతలి నుంచి పాస్టరుగారి గొంతు పందిరంతా వినబడుతుంది. ఫోను గుండెకు అదుముకుని చెప్పులు లేకుండానే గల్లీ చివరిదాకా ఉరికి, కరెంటు స్తంభం చాటున నిలబడి, ఎవరూ వినడం లేదని అటూ ఇటూ చూసుకుని, గుసగుసగా ‘ప్రైజ్ ద లార్డ్ అయ్యగారూ’ అంటాడు.