నా వెల అయిదు పైసలు

నేను తపాలా బిళ్లనే, కానీ నన్నొక్కదాన్నీ అంటించి పోస్టు డబ్బాలో వేస్తే ఉత్తరం ఎక్కడికీ పోదు. కవరును కడప నుంచి కర్నూలుకు మోసింది నా పక్కనున్న ఇరవై పైసల బిళ్ల. నేను హుండీ పట్టుకుని దాని పక్కన కూర్చుని వచ్చాను. నా అయిదు పైసలు తపాలా ఖర్చుకు కాదు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకు.

పుట్టింది నాసిక్ ముద్రణాలయంలో. కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం గులాబీ ఎరుపులో అచ్చయ్యాను. 1971లో సుమారు కోటి మంది సరిహద్దు దాటి వచ్చిపడ్డారు. కొత్త బొమ్మ గీయించి అచ్చు వేసేలోగా కాలం ఆగదు కదా. ఉన్న బిళ్లల మీదే ‘శరణార్థి సహాయం’ అని హిందీలో, ఇంగ్లీషులో నల్లగా కొట్టారు. సంతానం తగ్గించుకోండని చెప్పడానికి పుట్టినదాన్ని, కోటి మందికి కూడు పెట్టండని అడుక్కోవాల్సి వచ్చింది. నవంబరు 15 నుంచి మేం తప్పనిసరి అయ్యాం. నాసిక్ సరుకు అందని కొన్ని చోట్ల పోస్టాఫీసుల వాళ్లే రబ్బరు ముద్రలతో పని నడిపారు. శరణార్థుల బొమ్మతో అసలు బిళ్ల డిసెంబరు 1న వచ్చింది.

కడప పోస్టాఫీసు కిటికీ దగ్గర నన్ను కొన్నామె సంతోషంగా కొనలేదు.

“మాకే బాయిలెండిపాయ, మళ్లా ఇదేం పన్ను సామీ?”

“సర్కారు రూలు తల్లీ. అంటించల్లంటే అంటించల్ల.”

అంటించింది. కర్నూలులో ఉన్న అన్నకు రాసిన ఉత్తరం అది. నన్ను దానం అనాలా పన్ను అనాలా అని ఇప్పటికీ నాకో పేచీ ఉంది. ఈ సీమలో దానమంటే ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు చెబుతారు. 1866 కరువులో సొంత గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టినాయన, విక్టోరియా రాణి బంగారు పతకం పంపిన మనిషి. ఆయన్ను ఎవరూ బలవంతం చేయలేదు. నా సంగతి అలా కాదు, నేను ముమ్మాటికీ పన్నునే. అయినా ఎండిన బావి గట్టు నుంచి వెళ్లిన అయిదు పైసలు తేలికవి కావు. 1973 మార్చి 31తో ఆ పన్ను పోయింది.

ఉత్తరం అందుకున్న ఇంట్లో పదేళ్ల పిల్లవాడున్నాడు. కత్తెరతో నన్ను కవరు నుంచి కోసేశాడు. ముద్ర సగం తెగిపోయింది, తేదీ పోయింది, కడప పేరు పాత ఇంగ్లీషు స్పెల్లింగులో సగమే మిగిలింది. ఆ స్పెల్లింగు కూడా 2005లో మారిపోయిందనుకోండి. ఆపైన గ్లాసు నీళ్లలో నానబెట్టి, జిగురు కడిగి, పేపరు మీద ఆరబెట్టాడు.

వాడు పెద్దవాడై యుగోస్లావియా మీద పడ్డాడు, అదీ ధర్మం బిళ్లల మీద. అవి ఆ దేశంలోపలి ఉత్తరాలకే కాబట్టి కవర్ల మీద కర్నూలు దాకా రావు. కలం స్నేహితులతో మార్పిడి చేసుకుని తెప్పించాడు. ఆల్బం మొదటి పేజీలో మాత్రం నన్నే పెట్టాడు. వరస చూస్తే అవన్నీ నాకు అక్కచెల్లెళ్లే. రెడ్‌క్రాస్ కోసం 1933లోనే మొదలయ్యాయి. తర్వాత్తర్వాత రెడ్‌క్రాస్ వారం, పిల్లల వారం అంటూ ఏడాదిలో కొన్ని రోజులు అక్కడి ఉత్తరాలకు తప్పనిసరి. అంటించకపోతే అదే బొమ్మ వేరే రంగులో, ‘పోర్టో’ అనే మాటతో వచ్చేది. ఆ డబ్బు ఉత్తరం అందుకున్నవాడి దగ్గర వసూలు. మా కడప గుమాస్తా నయం! వాళ్లకు మాత్రం కష్టాలు తక్కువా? 1963 జులై 26న భూకంపం అక్కడి స్కోప్యే నగరాన్ని కూల్చి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. మదర్ థెరెసా పుట్టిన ఊరది.

1991లో ఆ దేశం ముక్కలవడం మొదలైంది. 2003 ఫిబ్రవరిలో పేరు కూడా పోయింది. మా ఆసామి పైకి బాధపడ్డాడు గానీ, “దేశం అయిపాయ, ఇంక ఆల్బం నిండుతాదిలే” అని భార్యతో అనడం విన్నాను. సేకరించేవాళ్ల బుద్ధే అంత, బతికున్న దేశం ఏటా కొత్త బిళ్లలు వేసి ప్రాణం తీస్తుంది. కర్నూలువాళ్లకు ఇది కొత్తా? వాళ్ల ఊరు కూడా 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ రాష్ట్రమూ ఇప్పుడు లేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి ఊరి మీదికొచ్చాయి. ఇంట్లో జనం మిద్దెక్కారు, ఆల్బం అలమారలో ఉండిపోయింది. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పులిహోర పొట్లాలు తిని, వాళ్లు దిగొచ్చేసరికి మా పేజీలన్నీ బురద. వాడని బిళ్లలని, వెనక జిగురు చెక్కుచెదరలేదని మురిపెంగా దాచిన యుగోస్లావులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయాలంటే మళ్లీ నీళ్లలో వేయాల్సిందే, వేస్తే జిగురు పోతుంది, జిగురు పోతే ధర పోతుంది. నాకేమీ కాలేదు. నా జిగురు చిన్నప్పుడే గ్లాసులో పోయింది, నీళ్లు నాకు పాతవే. మా ఆసామి వారం రోజులు ఒక్కోదాన్నీ విడదీసి ఆరబెట్టాడు. ఒక్కటీ పారేయలేదు.

ఇప్పటికీ మొదటి పేజీ నాదే. సంతలో పెడితే నాకు పెద్ద రేటు రాదు, మా అచ్చు అంత ఎక్కువ. రబ్బరు ముద్ర పడ్డ నా తోటివాళ్ల సంగతి వేరు. వాటికి నకిలీలు బాగా తిరుగుతుంటాయి, అసలుదని తేల్చేది కవరూ దాని మీది తేదీ ముద్రే. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే, అందులో 1971 నవంబరు నుంచి 1973 మార్చి దాకా వచ్చిన ఉత్తరాలుంటే ఓసారి తిరగేయండి. మాలో ఎవరైనా కనిపిస్తే దయచేసి కత్తెర పెట్టకండి. కవరుతోనే ఉంచండి.