రంగు పోతే పాపం పోతుందా?

శుభవార్త! అద్దకం నీళ్లు పారే కాల్వలను బాగుచేసే నాథుడు దొరికాడు. మంత్రి కాదు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి అసలే కాదు. బ్యాక్టీరియా! జీతం అడగదు. బదిలీకి పైరవీ చెయ్యదు. శాంపిల్ తీయడానికి వస్తున్నానని ముందురోజే ఓనరుకు ఫోన్ కొట్టదు. సూడోమొనాస్, బాసిల్లస్... పేర్లకు నోరు తిరక్కపోయినా పని మాత్రం చేస్తాయి. సెమినార్లలో ఇప్పుడు జేజేలన్నీ వాటికే.

ఇంతకీ వాటిని ఎక్కణ్నుంచి పట్టుకొస్తున్నారు? చాలాసార్లు రంగునీళ్లు ఇంకిన మట్టిలోంచే, ఫ్యాక్టరీ వెనక మురుగులోంచే. ఏళ్ల తరబడి మనం పోసిన విషంలో బతకడం నేర్చుకున్న జీవులవి. ఆ మురుగు పక్కనే రైతులూ బతుకుతున్నారు. వాళ్లు కనబడే సూక్ష్మదర్శిని మాత్రం ఇంకా తయారైనట్టు లేదు.

సరే, ప్రయోగశాలలోకి తొంగిచూద్దాం. గాజు ఫ్లాస్కు. అందులో ఒకే ఒక్క రంగు, అదీ చిటికెడు. ఒంటికి హాయైన వెచ్చదనం. తిండికి గ్లూకోజు, ఈస్టు సారం. కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద జరగదు! కొద్దిరోజుల్లో తొంభై శాతం రంగు మాయం. చప్పట్లు, ఫొటోలు, ప్రమోషన్లు.

ఇక అసలు డైయింగ్ యూనిట్ గేటు దగ్గరికి రండి. పది రంగులు కలిసిన కషాయం. సెగలు. క్షారం. పైపెచ్చు ఉప్పు. నూలుకు రియాక్టివ్ రంగు పట్టాలంటే లీటరు నీటికి 30 నుంచి 100 గ్రాముల దాకా ఉప్పు గుమ్మరిస్తారు. అంత చేసినా రంగంతా బట్టకు అంటదు. రకాన్నిబట్టి పదోవంతు నుంచి సగం దాకా నీళ్లపాలే. మరి ఆ ఉప్పును ఏ బ్యాక్టీరియా తినాలి? ఏదీ తినదు. రంగు విరిగినా ఉప్పు ఉప్పే. పొలం చావాల్సిందే.

ఉప్పు సంగతి పక్కన పెట్టండి. రంగైనా నిజంగా పోయిందా? వాడుకలో ఉన్న కృత్రిమ రంగుల్లో సగానికి పైగా అజో రంగులే. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉండే జంటబంధమే వాటి ఆయువుపట్టు. గాలి ఆడని ట్యాంకులో బ్యాక్టీరియా ఆ బంధాన్ని పుటుక్కున తెంపేస్తుంది. నీళ్లు తేరుకుంటాయి. అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆగండాగండి! తెగిన ముక్కలెక్కడికి పోయాయి? అరోమాటిక్ అమీన్లుగా మారి ఆ నీళ్లలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చిపెట్టేవి. వాటి అంతు చూడాలంటే నీళ్లను రెండో ట్యాంకులోకి పంపి, బ్లోయర్లతో గాలి కొట్టాలి. అక్కడ పనిచేసే బ్యాక్టీరియా వేరు. బ్లోయరు తిరిగితే కరెంటు మీటరు తిరుగుతుంది. మీటరు తిరిగితే ఓనరుగారికి కళ్లు తిరుగుతాయి. తనిఖీ లేని రాత్రిపూట ముందుగా ఆగేది ఏదో మీకు నేను చెప్పాలా?

అసలు కిటుకు ఇక్కడుంది. ఎర్రటి కాల్వ పేపర్లో ఫొటోకెక్కుతుంది. కలెక్టరుకు తలనొప్పి తెస్తుంది. తేటనీళ్లలో దాక్కున్న విషాన్ని ఏ కెమెరా పట్టుకుంటుంది? ఈ కేసులో రంగు ఒక్కటే కంటికి కనబడే సాక్షి. ఆ సాక్షిని మాయం చేసి, కేసు కొట్టేయించుకోవడానికే ఇంత తాపత్రయం.

అమీన్ల సంగతి ఓనర్లకూ, సర్కారుకూ తెలీదనుకుంటున్నారా? భేషుగ్గా తెలుసు. ఐరోపా 2002లోనే 22 అమీన్ల జాబితా ఇచ్చింది. కిలో బట్టలో 30 మిల్లీగ్రాములు దాటిందా, సరుకు అమ్మడానికి లేదు. మన దేశమూ 1990లలోనే 112 రంగులను నిషేధించింది. అందుకే ఎగుమతి చొక్కాకు పరీక్ష, సర్టిఫికెట్టు, మెళ్లో బిళ్ల. ఆ చొక్కాను ఉతికి జాడించిన నీళ్లకో? రంగు పోయిందిగా, పొమ్మను! విదేశీ వీపుకు ఉన్న విలువ మన ఊరి బావికి లేదు.

తమిళనాడులోని తిరుప్పూరు కథ గుర్తుందా? నొయ్యల్ నది మీద ఒరత్తుపాళయం ఆనకట్ట కట్టింది సాగుకు. నిండింది అద్దకం నీళ్లతో. నీళ్లు వదలండి బాబూ అని దండం పెట్టాల్సిన ఆయకట్టు రైతులు, వదలొద్దు మహాప్రభో అని మొత్తుకున్నారు. కోర్టుకెక్కారు. 2006లో తీర్పు. ఆపైన గడువు. దాని మీద ఇంకో గడువు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడొందలకు పైగా యూనిట్లకు తాళం వెయ్యమంది. అప్పుడు గుర్తొచ్చింది శుద్ధి! రాష్ట్ర ప్రభుత్వం 200 కోట్లు వడ్డీ లేకుండా అప్పిచ్చింది. చుక్క బయటికి పోకుండా నీళ్లను మళ్లీ వాడుకోవడం, ఉప్పును వెనక్కి రాబట్టడం ఉమ్మడి శుద్ధి కేంద్రాలకు చేతనైంది. అంటే అన్నాళ్లూ లేనిది టెక్నాలజీయా? కాదు. తాళం.

ఆ పాఠం ఢిల్లీ ఎలా నేర్చుకుందో చూడండి. 1974 నాటి నీటి కాలుష్య చట్టాన్ని 2024లో సవరించింది. చాలా తప్పులకు జైలు ఎత్తేసి, 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. మొదట అమలు చేసిన రాష్ట్రాల్లో రాజస్థాన్ ఒకటి. పాలీలో బండి నదినీ, బాలోత్రాలో లూణీ నదినీ అద్దకం నీళ్లకు అప్పగించిన రాష్ట్రం! జరిమానా ఎక్కువా, బ్లోయర్ల కరెంటు బిల్లు ఎక్కువా? ఈ లెక్క కట్టడానికి ఏ ఓనరుకూ ఆడిటరు అక్కర్లేదు. మనమేం తక్కువ తిన్నామా? మన నగరి అద్దకం నీళ్లు కుశస్థలి నదిని ఏం చేశాయో ఆ ఒడ్డునున్న వాళ్లనడగండి.

బ్యాక్టీరియాను తప్పు పట్టట్లేదు సార్. శాస్త్రవేత్తలనూ కాదు. మేమడిగేది మూడే. రెండో ట్యాంకు బ్లోయరు మీటరు రీడింగు రోజూ గేటు ముందు రాయండి. కొన్న ఉప్పెంతో, వెనక్కి తీసిన ఉప్పెంతో లెక్క చూపండి. చొక్కాకు చేసే అమీన్ పరీక్షే కాల్వకూ చెయ్యండి. కుదరదా? అయితే వచ్చే సెమినార్లో శాలువా ఆ బ్యాక్టీరియాకే కప్పండి. సగం పనే చేసిందేమో గానీ, ఆ సగానికైనా లంచం అడగలేదు.