525 రెట్ల చీకటి

దూరదర్శినుల వ్యాపారంలో అంకెలకున్న గౌరవం కటకాలకు లేదనడానికి, 76 మిల్లీమీటర్ల దర్పణం గల చిన్న పరికరాన్ని 525 రెట్ల ఆవర్ధనం పేరుతో అమ్మే పెట్టెలను మించిన సాక్ష్యం అక్కరలేదు. ఆ 525 అబద్ధమని అనడానికి వీల్లేకపోవడమే అందులోని చమత్కారం. 700 మి.మీ. నాభ్యంతరాన్ని 4 మి.మీ. అక్షి కటకంతో భాగిస్తే 175 వస్తుంది. నడుమ మూడు రెట్ల బార్లో కటకాన్ని, అంటే నాభ్యంతరాన్ని పొడిగించే పుటాకార కటకాన్ని దూర్చితే 525 పూర్తవుతుంది. ఇంత గణితం వచ్చిన అమ్మకందారు 76ను 525తో భాగించడం మాత్రం ఎన్నడూ నేర్చుకోడు.

ఆ భాగఫలమే ఎగ్జిట్ ప్యూపిల్. ముందున్న కటకమో దర్పణమో సేకరించిన కాంతి అంతా అక్షి కటకం వెనుక సన్నని కట్టగా బయటపడేచోట ఏర్పడే గుండ్రని వెలుగుబిళ్లకు అది పేరు. చూపరి చూసేదంతా ఆ బిళ్ల గుండానే కంటిపాపలోకి వెళ్లాలి. ఆ పాప ఎండలో రెండు మూడు మి.మీ.కు ముడుచుకుని, కటిక చీకటిలో యువకులకు సుమారు 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, వయసు పైబడినవారికి 5 మి.మీ. దగ్గరే ఆగిపోవడం మామూలు. మన 525 రెట్ల మహాయంత్రం ఆ పాపకు సమర్పించే బిళ్ల 0.15 మి.మీ. కూడా ఉండదు.

అదే గొట్టానికి 20 మి.మీ. అక్షి కటకం తగిలించి 35 రెట్ల వద్ద చంద్రుణ్ణి చూస్తే బిళ్ల 2 మి.మీ.కు పైగా ఉండి గుంటల అంచులు చక్కగా కనిపిస్తాయి. అక్కడి నుంచి 525కు ఎగబాకితే ఆవర్ధనం 15 రెట్లు పెరిగి, బింబం ప్రకాశం 225వ వంతుకు పడిపోతుంది. ఇది గ్లాసెడు మజ్జిగలో బిందెడు నీళ్లు పోసి పంక్తి అంతా వడ్డించడం వంటిది. పైగా కాంతి తరంగం కనుక, వివర్తనం వల్ల ప్రతి నక్షత్రమూ బిందువుగా కాక చిన్న చుక్కబిళ్లగా పరుచుకుంటుంది. దాన్ని ఎంత సాగదీసినా పెరిగేది బిళ్లే తప్ప వివరం కాదు. అందుకే అనుభవజ్ఞులు దర్పణం వ్యాసంలో ప్రతి మి.మీ.కు 2 రెట్ల ఆవర్ధనం దగ్గర, అంటే బిళ్ల 0.5 మి.మీ.కు తగ్గినచోట, గీత గీసుకున్నారు, 76 మి.మీ. పరికరానికి అది 150 రెట్ల దరిదాపు. ఆ గీత దాటిన కొనుగోలుదారుకు కొత్తగా దర్శనమిచ్చేవి శనివలయాలు కావు, సొంత కంటిలోని ద్రవంలో తేలే పోగుల నీడలు. వాటిని చూపడంలో మాత్రం ఈ యంత్రానికి వంక పెట్టలేం.

525 రెట్లు అసాధ్యమని కాదు. హైదరాబాదు నిజామియా వేధశాలకు చెందిన 15 అంగుళాల గ్రబ్ వక్రీభవన దూరదర్శినికి, గాలి నిలకడగా ఉన్న రాత్రి, ఆ ఆవర్ధనం వద్ద 0.7 మి.మీ. బిళ్ల దక్కేది. అయితే అంతటి కటకానికి గుమ్మటం కావాలి, కదలని పునాది కావాలి. అట్టపెట్టెకైతే అచ్చుయంత్రం చాలు.

బైనాక్యులర్ల సంగతి మరీ ముచ్చటైనది. వాటి మీది జంట అంకెల్లో మొదటిది ఆవర్ధనం, రెండవది వస్తు కటకం వ్యాసం. అరచేతిలో ఇమిడిపోయే బుల్లి పరికరం మీద 30×60 అని ఉంటే, ఒక్కొక్కటి 6 సెంటీమీటర్ల వెడల్పుండవలసిన రెండు కటకాలు అందులో ఎక్కడ దాగాయని అడగడానికి బడిపిల్లల స్కేలు చాలు. కొంచెం చదువుకున్న మోసం మరొకటి ఉంది: ఆవర్ధనాన్నీ వ్యాసాన్నీ హెచ్చవేసి వర్గమూలం తీసి, దానికి సంధ్యా గుణకమని పేరు పెట్టి, మసక వెలుగులో పనితనానికి అదే కొలబద్ద అనడం. ఆ లెక్కన 20×25 బైనాక్యులర్‌కు 22.4, నావికుల 7×50కు 18.7 మార్కులు పడతాయి, 1.25 మి.మీ. బిళ్ల 7.1 మి.మీ. బిళ్లను ఓడించిన ఈ పోటీలో న్యాయనిర్ణేత ఏనాడూ సాయంత్రం వేళ బయటికి రాలేదనుకోవాలి.

అవతలి పక్షంలో పెద్దబిళ్ల భక్తులున్నారు. ఓడ ఊగుతున్నా కంటిపాప వెలుగు దాటిపోకుండా ఉండడానికి నావికుడికి 7 మి.మీ. అవసరమే. పాప 5 మి.మీ. మించి విచ్చుకోని పెద్దమనిషి నక్షత్రాల కోసం అదే 7×50 కొంటే, 50 మి.మీ. కటకంలో 35 మి.మీ. మేరకే ఆయనకు ఉపయోగపడుతుంది. మిగతా గాజు బరువు మెడకు ఉచితం.

కొట్టు గుమ్మంలో మిట్టమధ్యాహ్నం జరిగే పరీక్షలో 10×25, 8×42 రెండూ ఒకేలా వెలిగిపోవడంలో వింత లేదు, ఎందుకంటే ఎండకు ముడుచుకున్న పాపకు మొదటిదాని 2.5 మి.మీ. బిళ్లే సరిపోతుంది. బిల్లు చెల్లించాక, పొద్దుగూకి పాప 5 మి.మీ.కు విచ్చుకున్నప్పుడు అదే బిళ్ల దాని వైశాల్యంలో పావువంతే నింపుతుంది. అప్పటికి కొట్టు కట్టేసి ఉంటుంది.