నా అంచుల్లో పెన్సిల్ గీతలు

నా అట్ట మీద నల్లచిరుత బొమ్మ, దాని పక్కన గోచీ కట్టిన పిల్లాడు. మొదటి కాగితం ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి నన్ను తెలుగు చేసిందెవరో, ఏ అచ్చాఫీసులో పుట్టానో చెప్పలేను. జంగిల్ బుక్ అంటారు నన్ను. వజ్రకరూరు వైపు ఒక బడిలో, తుప్పు పట్టిన ఇనప్పెట్టెలో ఉండేదాన్ని.

పెట్టెలో నా పక్కన పాత చందమామల కట్ట ఒకటి, కొత్తపల్లి సంచికలు కొన్ని. ఆ పత్రిక ఈ సీమదే, 2008లో చెన్నేకొత్తపల్లిలో మొదలైంది. పిల్లలు రాసిన కథలు కూడా వేస్తుందని దానికి కాస్త గర్వం. నా సంగతి చెప్పుకుందామంటే నాకే మొహమాటం. కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టాడు గానీ, నన్ను రాసింది అమెరికాలో, మంచు కురిసే వెర్మాంట్‌లో. నాలో ఉన్న సివనీ అడవుల్లో ఆయన కాలు పెట్టలేదంటారు. 1894లో మొదటి భాగం, మరుసటేడు రెండోది. రెండూ కలిపి కుట్టిన పుస్తకాన్ని నేను.

ఒక ఎండాకాలం సెలవులకు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు నన్ను ఇంటికి తీసుకెళ్ళాడు. వాళ్ళది గొర్రెల ఇల్లు. పొద్దున్నే జొన్నరొట్టెల మూటలో నన్నూ చుట్టి, తాత వెంట మందతో బయల్దేరాడు. నా నడిమి పేజీలకు ఇప్పటికీ శనక్కాయల పొడి వాసన.

తుమ్మచెట్టు నీడన పైకి చదవడం మొదలుపెట్టాడు. అప్పుడే నడక నేర్చిన పసివాణ్ణి తండ్రితోడేలు నోట కరుచుకుని గుహలోకి తెస్తుంది, తల్లితోడేలు పాలిచ్చి పెంచుతుంది. తాత చేతిలో బీడీ ఆగిపోయింది.

"ఏం చదువుతాండావురా? తోడేలు పిల్లోణ్ణి సాకిందా?"

"పుస్తకంలో ఉంది తాతా."

"మన గొర్రెపిల్లల్ని గూడా సాకేకే ఎత్తకపోతాందేమో అడుగు!"

నవ్వాక చెప్పాడు. ఒక తోడేలు ఎదురుగా కనబడి కుక్కల్ని అటు లాక్కుపోతుంది. రెండోది వెనక నుంచి వచ్చి పిల్లను నోట కరుచుకుంటుంది. దానికి అడవి అక్కర్లేదు. ఈ బీడు, ఈ గడ్డిమిట్ట, పొదల కింద ఒక బొరియ చాలు. అడవి అంటే చెట్లే అనుకున్న నాకు ఆ మాట కొత్త. 1972 నాటి వన్యప్రాణి చట్టం తోడేలును చంపొద్దంటుంది. తాతకు చట్టం సంగతి తెలుసో లేదో, ఆయన లెక్క ఆయనది: "ఏడాదికి ఒకటో రెండో దాని భాగం. అంతకు మించితే మాత్రం ఊరుకునేది ల్యా."

పిల్లాడు నా అంచు మీద పెన్సిల్‌తో రాసుకున్నాడు: దాని భాగం.

వాళ్ళక్క రాత్రుళ్ళు చదివేది. పప్పుశనగ చేలో కృష్ణజింకల మందలు పడితే తట్టలు మోగించి తరిమిన పిల్ల ఆమె. రాష్ట్ర జంతువని పాఠంలో చదివి పరీక్షలో రాసిందీ ఆమే. నన్ను తిరగేసి ఒకే ప్రశ్న వేసింది. "ఇంత అడివిలో వీడికి బిందె మోసే పని ఎవరూ చెప్పల్యా?" నా దగ్గర జవాబు లేదు. వైన్‌గంగ నది ఒడ్డున పెరిగినవాడికి బిందె ఎందుకు?

అయితే నాలో ఒక కరువు కథ ఉంది. రెండో భాగంలో మొదటిది. వానల్లేక నది సన్నగిల్లి, నడుమ శాంతిశిల బయటపడుతుంది. అప్పుడు ఏనుగు హాథీ చాటింపు వేస్తుంది: నీళ్ళ దగ్గర ఎవరూ ఎవర్నీ వేటాడకూడదు. పులీ జింకా ఒకే రేవులో తాగాలి. ఈ నేల మీద ఆ కాగితాలు నలిగినంతగా నాలో మరేవీ నలగలేదు. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటుంది. ఈశాన్యపు వాన తూర్పు నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లంటారు. సగటును నమ్మి విత్తనం వేసే రైతు నాకిక్కడ కనబడలేదు.

పిల్లాడు ఒప్పందం నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాడు. ఎండిన కుంట నడుమ పిల్లలు ఈతకు దూకే బండ ఒకటి తేలి ఉంది. దాని పక్కన మోకాటి లోతు నీళ్ళు, చుట్టూ బురద. తెల్లవారుజామున తాతను లాక్కెళ్ళి, నన్ను బండ మీద తెరిచిపెట్టాడు. బురదలో గొర్రెల గిట్టలు, జింక గిట్టలు, కుక్క అడుగులా ఉండి కుక్కది కాని పంజా.

"సూడు తాతా, అన్నీ ఒకే కాడ తాగినాయి."

తాత వంగి వేలితో చూపించాడు. జింక గిట్ట అంచును పంజా నొక్కేసింది. అంటే జింక ముందు, తోడేలు తర్వాత. గిట్టలు ఒడ్డెక్కే చోట దూరం దూరంగా, లోతుగా దిగి ఉన్నాయి. "నడిచి పోలేదురా అది. దూకింది."

పిల్లాడు నా అంచున రాశాడు: ఇక్కడ ఒప్పందం లేదు. హాథీ కూడా లేదు. నాకు కోపం రాలేదు. నూరేళ్ళు దాటిన నా బతుకులో ఇంత శ్రద్ధగా నన్ను సరిచూసినవాడు ఇంకొకడుంటాడా!

తొలకరి పడగానే అందరూ చేలల్లో వజ్రాలకు దిగారు. భూమి లోతుల నుంచి కింబర్లైట్ రాయి మోసుకొచ్చిన వజ్రాలు, వాన మట్టిని కడిగితే ఒక్కోసారి పైకి తేలతాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నేల మీదే చూపు పెట్టి నడుస్తారు. అక్క కూడా వెళ్ళింది, నాలోని రాజు అంకుశం కథ చదివాకే. రత్నాలు పొదిగిన ఆ అంకుశం కోసం మనుషులు ఒకర్నొకరు చంపుకుంటారు. "మాకు అంకుశం వద్దు, ఒక్క రాయి చాలు. బోరు వేయించుకుంటాం" అని నవ్వింది.

పిల్లాడు మాత్రం కంబళి కప్పుకుని మంద దగ్గరే కూర్చున్నాడు. నా చివర ఒక ఖాళీ కాగితం ఉంది. పెన్సిల్ నాలికకు తాకించి రాయడం మొదలుపెట్టాడు. ఒక కుంట, ఒక తాత, పాలు మరవని గొర్రెపిల్ల. ఇప్పటికి మూడు వాక్యాలయ్యాయి. తోడేలు ఇంకా రాలేదు.