కోడి కడుపు చల్లగా

పుల్లని పెరుగునందలి సూక్ష్మజీవులు ప్రేగులను శుద్ధిచేసి వార్ధక్యమును వెనుకకు నెట్టగలవని 1907లో గ్రంథము ప్రకటించిన మెచ్నికోవ్ పండితుడు, మరుసటి యేట నోబెల్ బహుమానము నందుకొని (అది పెరుగునకు వచ్చినది గాదు, దేహమునందలి వ్యాధినిరోధక శక్తిని గూర్చిన పరిశోధనమునకు), 1916లో 71 ఏండ్ల ప్రాయమున కాలధర్మము నొందెను. ఆ దీర్ఘాయుస్సిద్ధాంతమునకు నేడు నిత్యార్చన జరుగుచున్నది శతాయుష్కాములగు మనుష్యుల యిండ్లలో గాదు. ఆరు వారములకు మించి బ్రదుకనీయరాదని మనము ముందుగనే నిశ్చయించిన బ్రాయిలరు కోళ్ల షెడ్లలో!

తెలుగునాట ఏ షెడ్డునకు పోయినను తలుపుప్రక్క బల్లమీద డబ్బాలు బారులు తీరియుండును. ఒకదానిలో లాక్టోబాసిల్లస్, వేరొకదానిలో బాసిల్లస్ సబ్టిలిస్, ఇంకొకదానిలో ఈస్టు. గ్రాము పొడిలో ఇన్ని కోట్ల సజీవ క్రిములని పైని ముద్రితమై యుండును. ఈ సంతతినెల్ల నీటిలో కలిపి త్రాగింపుమని నేడుపదేశించు మందుల ఏజెంటే, నీటిలో క్రిమియన్నది ఉండరాదని మొన్న క్లోరిన్ కలిపించిపోయెను. క్లోరిన్‌కు స్వపక్ష పరపక్ష భేదము తెలియదు. దాణాలో కలిపితిమా, గుళికలు చేయు మిల్లునందలి ఆవిరి సుమారు 80 డిగ్రీల వేడిమికి చేర్చగా లాక్టోబాసిల్లస్ అచ్చటనే ప్రాణత్యాగము చేయును. బీజకవచమున దాగిన బాసిల్లస్ మాత్రము బ్రదికి బయటపడును. అటుపిమ్మట పిల్లలు నలతగా నున్నవని అయిదు దినములు ఎన్రోఫ్లాక్సాసిన్ అను క్రిమిసంహారక మందు, ఆరవనాడు మరల డబ్బాలోని ప్రోబయాటిక్ క్రిములు: చంపుటకొక బిల్లు, పుట్టించుటకొక బిల్లు.

ఇందు శాస్త్రమే లేదనుట అన్యాయము. పెద్దకోడి ప్రేగులలోని పదార్థమును అప్పుడే పుట్టిన పిల్లలకు తాపినచో సాల్మొనెల్లా వానియందు నెలకొనజాలదని 1973లో ఫిన్లాండు పరిశోధకులు నుర్మీ, రంటాలా నిరూపించిరి. తల్లి రెక్కలక్రింద పొదుగబడి, తల్లి రెట్టల నడుమనే గింజలేరుకొను నాటుకోడిపిల్లకు ఆ సూక్ష్మజీవులు వెలలేకయే సంక్రమించును; పొగబెట్టి శుద్ధిచేసిన గ్రుడ్డునుండి ఇంక్యుబేటరులో వెలువడిన పిల్లకో, తల్లియు లేదు, తల్లి రెట్టయు లేదు. ఆ పరిశోధకులు తాపినది అసంఖ్యాక జాతుల సమూహము; డబ్బాలోనివి రెండో మూడో జాతులు. మొదట తల్లిని తొలగించి, పిదప తల్లి రెట్టలో లేశమును కిలో యింతయని యమ్మగలిగిన వణిక్ప్రతిభకు నేను నమస్కరింపకుండజాలను.

దాణాలో కలుపు ఖనిజముల కథ ఇంతకంటె పొట్టిది. కిలో దాణాలో ఎనిమిది మిల్లీగ్రాముల రాగి చాలునని పోషణశాస్త్రజ్ఞులు వ్రాసియుండగా, ప్రేగు బలపడునని నూరుదాటించి పెట్టుటయు కలదు. మిగిలినది రెట్టయై, ఎరువై పొలము చేరును. కోడి పేర కొన్న రాగిని పొలము భుజించును.

క్రిములను చంపు మందు దాణాలో కలిపిన కోడి బరువెక్కునని 1950 ప్రాంతమున కనుగొని, దానినే అర్ధశతాబ్దము జపించి, 2006 జనవరి 1 నుండి యూరోపు వారు ఆ వాడుకను పూర్తిగ నిషేధింపగా, క్రిములను కలిపినను కోడి బరువెక్కునని అదే గొంతుతో చెప్పుట కలవాటుపడిన లోకమిది. ఇంతలో షెడ్డులో కోళ్లు నీరు త్రాగు నిపుల్ కారి, క్రింది ఊక తడిసి అట్టకట్టి, అమ్మోనియా కన్నులు మండించుచుండును. కాక్సీ (కాక్సిడియోసిస్) అను ప్రేగువ్యాధికి అంతకంటె అనువైన చోటు లేదు. ఊక తిరగవేయుటకు డబ్బా లేదు; డబ్బా లేనిదానికి కమీషను లేదు; కమీషను లేనిదానిని గూర్చి ఏజెంటు ఉపన్యసింపడు.

కంపెనీ పిల్లలను, దాణాను ఇచ్చి రైతుచేత కూలికి పెంచించు ఇంటిగ్రేషను లెక్కలలో మందుల ఖర్చు ఉత్పత్తి వ్యయమున చేరును. ఆ వ్యయము పెరిగినకొలది రైతునకు వచ్చు పెంపకపు కూలి, అనగా గ్రోయింగు చార్జీ, తగ్గును. బ్యాచి బాగుగ వచ్చినచో డబ్బా మహిమ, పాడైనచో రైతు అశ్రద్ధ. ఏ రైతైనను ధైర్యము చేసి, "రెండు షెడ్లున్నాయి కదండీ, ఒకదానికి వేసి ఒకదానికి మానేసి చూద్దామా?" యని యడిగెనేని, ఏజెంటు దయార్ద్రముగ నవ్వి, "అదేమిటండీ, రెండిటికీ వేస్తేనే కదా తేడా తెలిసేది!" యని రసీదు పుస్తకము తెరచును.