నా సిబిల్ ఎవని జాగీరు సార్?

మహారాజశ్రీ రిజర్వు బ్యాంకు గవర్నరు గారి సముఖమునకు కరీంనగర్ మంకమ్మతోట నుంచి ఒక సామాన్యుడు నమస్కరించి రాసుకునేది.

ముందుగా తమరికి కృతజ్ఞతలు. మా క్రెడిట్ రిపోర్టు ఎవరైనా తెరిస్తే మాకు కబురు అందాలని 2023 అక్టోబరులో ఆజ్ఞాపించారు. అందింది. మంగళవారం రాత్రి, కంచం ముందు కూర్చున్న వేళ. పేరు కూడా వినని ఫైనాన్సు కంపెనీ నా రిపోర్టు తెరిచిందట. తెల్లారి తీసి చూస్తే ఒక్క నెలల నాలుగు ఎంక్వయిరీలు! నేనెప్పుడు పోయిన? ఎవర్ని అప్పడిగిన?

పోయింది ఒక్క స్కూటీ షోరూముకే, అదీ బిడ్డ కోసం ధర కనుక్కుందామని. "ఆఫర్ ఉందేమో చూస్తా అంకుల్" అని పిల్లగాడు పాన్ జిరాక్సు తీసుకున్నడు, ట్యాబ్‌ల ఏందో వాడే టిక్కు కొట్టిండు. బండి మాత్రం నగదుకే కొన్న. అక్కడ్నుంచే పాకిందని నా అనుమానం. ఫిర్యాదు చేయబోతే ఏమడిగిండ్రో ఎరుకేనా? మళ్లా పాన్ నంబరే.

క్రెడిట్ రిపోర్టుల మీది 2005 చట్టం 22వ సెక్షన్ల మంచిగనే రాసిండ్రు. అనుమతి లేకుండ చూసినోనికి లక్ష దాకా జరిమానా, మానకుంటే రోజుకు పదివేల దాకా. అట్ల చూసిన సమాచారం దేనికీ లెక్కల తీసుకోవద్దట. మరి ఇంటి స్లాబు లోనుకు పోతే, వాడు చూసిన జాడను మా బ్యాంకు మేనేజరు ఎందుకు లెక్కల తీసుకుంటుండు? "అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నట్టుంది కదా" అని నవ్విండు సార్, నలుగురి ముందట.

ఫిర్యాదు 30 రోజుల్ల తేల్చకుంటే ఆపైన రోజుకు నాకు 100 రూపాయలట. మా మేస్త్రీ చాయలకు సరిపోతయి. అంబుడ్స్‌మన్‌కు చెప్పుకుందామంటే, కంపెనీవాళ్లు పలకకుంటే ఆ 30 రోజులు ఆగాల్నట. ఆదిలాబాద్‌ల మా బావమరిదిదీ ఇదే గోస. అప్పు ముట్టజెప్పి ఏడాదాయె, రిపోర్టుల ఇంకా బాకీనే. మెసేజ్‌లన్నీ ఇంగ్లీషుల, చదివిపెట్టమని నాకే పంపుతడు.

జరిమానా వద్దు, వంద వద్దు. ఆ నాలుగు లైన్లు తీసేయించుండ్రి సార్. స్లాబు లోను ఆగింది. పైన చువ్వలు వానకు తుప్పు పడుతున్నయి.

ఇట్లు,
పాన్ కార్డు ఉన్న పాపానికి,
మీ విధేయుడు