దొంగ ప్లేటు వాఙ్మూలం

నేను నకిలీ గ్రామఫోన్ రికార్డును. నా అట్ట మీద నల్లటి నేలపై తెల్ల గీతల బొమ్మ చిత్రకారుడు జాఁ-మిషెల్ బాస్కియాది. హిప్‌హాప్ పాట ‘బీట్ బాప్’, గొంతులు రామెల్‌జీ, కే-రాబ్‌లవి. 1983లో న్యూయార్క్‌లో బాస్కియా టార్‌టౌన్ అనే లేబుల్ పేరుతో తెచ్చిన ఈ పన్నెండు అంగుళాల ప్లేటు 500 ప్రతులే అచ్చయిందని సేకర్తలు చెప్పే లెక్క. కోరేవాళ్లు వేలల్లో ఉండి, దొరికేవి వందల్లోనే ఉన్నప్పుడు నాలాంటివి పుట్టుకొస్తాయి. నా అట్ట అబద్ధమాడుతుంది గానీ నా ఒంటికి అది చేతకాదు. కాబట్టి కొనేవాళ్లు చదవాల్సింది ఒంటినే.

అసలు ప్లేటు మాస్టర్ టేపు నుంచి పుడుతుంది. లాకర్ పూసిన అల్యూమినియం పళ్లెం మీద ఇంజనీరు ధ్వనిని గాడిగా కోస్తాడు. దాన్నుంచి నికెల్ అచ్చులు తీసి, వాటితో వినైల్‌ను నొక్కుతారు. పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి వలయంలో ఆ ఇంజనీరు చేత్తో నంబరు గీస్తాడు, కొన్నిసార్లు స్టూడియో ముద్ర కూడా పడుతుంది. ఎనభైల నాటి న్యూయార్క్ హిప్‌హాప్ ప్లేట్లను దీపం కింద వాలుగా పట్టుకుంటే ఇంజనీరు హెర్బీ పవర్స్ గీసిన ‘హెర్బీ జూనియర్’ సంతకం, దాని పక్కనే నవ్వు ముఖం చాలాచోట్ల కనిపిస్తాయి. నాకు టేపు లేదు. ఎవరో అరగదీసిన ప్లేటు మీద సూది పెట్టి ఎత్తుకున్న ధ్వనే నా గాడుల్లో ఉంది. అందుకే ఎంత వెతికినా గీత కనపడని చోట నాలో టక్కుమని వినిపిస్తుంది. ఆ గీత నాది కాదు, నా మూలానిది. తాళాల మోత మొద్దుబారింది. లేబుల్‌ను స్కాన్ చేసి మళ్లీ అచ్చువేయడంతో చిన్న అక్షరాల అంచులు ఉబ్బి, భూతద్దంలో చుక్కల మీద చుక్కలు కనిపిస్తాయి.

ఆ గుర్తుల్ని కూడా నకలు చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. నంబరు చూసి గీయడం పెద్ద విద్యేమీ కాదు. కానీ రాతలోని వంపును, ఒత్తిడిని, లోతును అసలు ప్రతి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అదీ చాలదు, వలయం, కాగితం, ధ్వని మూడూ ఒకే మాట చెప్పాలి. తేడా ఉన్నంత మాత్రాన దొంగదనీ అనలేం. ఒకే పాటను రెండు ఫ్యాక్టరీలలో నొక్కించడం, గిరాకీ పెరిగితే మళ్లీ కోయించడం మామూలే. అలా పుట్టిన వేరే నంబరు నిజాయితీ గల రెండో ముద్రణది కావచ్చు. బరువు చూసి తేల్చేవాళ్లను నేను నమ్మను. ఎనభైల నాటి అసలు ప్లేట్లలోనూ పల్చనివి కొల్లలు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది: హిప్‌హాప్ పుట్టిందే ఇతరుల ప్లేట్ల మీద కదా, దానికి నకలు మీద కోపమేమిటి? నిజమే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ తన ప్లేట్ల లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు, పోటీ డీజేలకు పాట పేరు తెలియకూడదని. అయితే ఊడదీసిన చోట ఇంకొకరి పేరు అంటించి అమ్ముకోలేదు. పాత పాటల్లోని డ్రమ్ము ముక్కల కోసం 1986 నుంచి 1991 దాకా 25 భాగాలుగా వచ్చిన ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ సంపుటాలు ఎందరో నిర్మాతలకు ముడిసరుకు అందించాయి. అవి కూడా సొంత పేరుతో, సొంత అట్టతోనే వచ్చాయి, ఏ అసలు ప్లేటు వేషమూ కట్టలేదు. సంగీతం దొరకనివాళ్లకు అందించానన్న సాకు కూడా నాకు చెల్లదు. ప్రొఫైల్ రికార్డ్స్ సంస్థ ఇదే పాటను విడుదల చేసింది, వినాలనుకున్నవాళ్లకు దారి ఉంది. నన్ను చేసినవాడు అమ్మింది పాటను కాదు, 1983 అనే ఏడాదిని. పాడినవాళ్లకు అందులో పైసా వెళ్లలేదు.

తెలియక నన్ను కొన్నవాళ్లు విరగ్గొట్టి పారేయనక్కర్లేదు, పెట్టుకుని వినండి. లోపలి కవరు మీద ‘నకలు’ అని పెన్నుతో రాయండి. అమ్మాల్సి వస్తే ఆ మాట ముందే చెప్పి, నకలు ధరకే అమ్మండి.